నుదుటి మీద రెండు కోతలు

"నూనె కాచి తీసుకురమ్మన్నారు ఖాజీ గారు" అన్నాడు బంట్రోతు బారావు, గుమ్మం దాటకుండానే.

మంగలి టాంకో సానరాయి మీద కత్తి నూరడం ఆపాడు. ముప్పై ఏళ్ళలో ఆ కబురు రావడం ఇది మూడోసారి. రిమావా ఊళ్ళో దొంగ చెయ్యి నరికేది కసాయి. నరికాక ఆ మణికట్టుని మరిగే నూనెలో ముంచి రక్తం ఆపేది మంగలి.

"ఎవరిది?"

"డిక్కోది."

"ఏ డిక్కో?"

"ఊళ్ళో ఎంతమంది డిక్కోలున్నారు మామా? అంగీల మీద కుట్టుపని చేస్తాడే, ఫులానీ డిక్కో. రోజూ నీ పాకలో కూచుని నీ కోలా గింజలు తినేసి, నీకే కబుర్లు చెబుతాడే, వాడు."

"వాడేం దొంగిలించాడు?"

"షరీఫు గారి వెండి జీను."

కత్తి రాయి మీద జారి టాంకో బొటనవేలికి తగిలింది. చిన్న గాటే. బారావు పకపకా నవ్వాడు.

"మంగలి వేలు తెగడం ఇదే చూడ్డం! తొందరగా రా మామా. మధ్యాహ్నం నమాజు లోపల అయిపోవాలట."

బారావు వెళ్ళిపోయాడు. టాంకో వేలు నోట్లో పెట్టుకుని, మరో చేత్తో కత్తి పైకెత్తి చూశాడు. నల్లకొమ్ము పిడి, నీలిరంగు ఉక్కు. ఇలాంటి కత్తి ఈ చుట్టుపక్కల కమ్మరి ఎవడూ చెయ్యలేడు. రెండేళ్ళ క్రితం దీన్ని అతనికి ఇచ్చినవాడు షరీఫే.

అప్పటికి అతను షరీఫు కాడు. ఊరి బయట, తుమ్మచెట్ల కింద బిడారం దిగిన రోజు, ముఖం కప్పుకున్న ఒక మనిషి టాంకోని చాటుకి పిలిపించాడు. తలపాగా విప్పాడు. జుట్టు మొదలు నుంచి ముక్కు కొస దాకా నిట్టనిలువుగా ఒక గీత. పుట్టిన ఏడో రోజున బోర్ను వైపు బరేబరీలు తమ బిడ్డల ముఖాన పెట్టించే గాటు అది. మంగలన్నవాడెవడికైనా చూడగానే తెలిసిపోతుంది.

"దీన్ని చెరిపెయ్యగలవా?" అని అడిగాడు ఆ మనిషి.

"గాటు చెరగదయ్యా. దాని మీద ఇంకోటి పెట్టొచ్చు."

"అయితే కత్తి దెబ్బలా పెట్టు."

టాంకో పెట్టాడు. పాత గీతని కోస్తూ నుదుటి నుంచి కనుబొమ దాకా ఏటవాలుగా కోసి, మోటుగా కుట్టాడు. ముక్కు మీద మిగిలిన కొసని కూడా చెక్కేశాడు. పని అయ్యాక ఆ మనిషి టాంకో చేత ఖురాన్ మీద చెయ్యి వేయించి, ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. తర్వాత ఈ కత్తి ఇచ్చాడు. నెల తిరిగేసరికి అతను ఊళ్ళోకి తెల్ల గుర్రం మీద వచ్చాడు. పేరు షరీఫ్ తాహిర్. ఫెజ్జాన్ ఎడారి నుంచి వచ్చిన ప్రవక్త వంశీకుడు. దారిదోపిడీ దొంగలతో పోరాడి నుదుట గాయం తిన్న వీరుడు. ఊరినేలే అమీరు అతనికి ఎదురొచ్చి తీసుకెళ్ళాడు. వచ్చే శుక్రవారం అమీరు మేనకోడలితో అతనికి నిఖా.

మంగలి నోట్లో నువ్వుగింజ నానదంటారు. టాంకో నోట్లో ఆ గింజ రెండేళ్ళు నానింది.

అతను నూనె కుండ, నిప్పుల కుంపటి నెత్తికెత్తుకుని బయల్దేరాడు.

* * *

ఖాజీ ఇనూవా తీర్పులు చెప్పేది తన ఇంటి ముందరి మట్టిసావడిలో. గోడ వారగా ఇమాము, ఉప్పు వర్తకుల పెద్ద కూర్చుని ఉన్నారు. వాళ్ళకి కాస్త ఎడంగా, తోలు పరుపు మీద షరీఫు. తలపాగా కనుబొమల దాకా కిందికి దిగి ఉంది. మధ్యలో నేల మీద ఆ జీను. దాని పక్కన డిక్కో.

డిక్కో టాంకోని చూడగానే పళ్ళికిలించాడు.

"ఏం మామా, అలసంద గారెలు వేస్తావా? నాకు నాలుగు ఉంచు."

ఎవరూ నవ్వలేదు. డిక్కో సావడంతా కలయజూశాడు. అతని చూపు నూనె కుండ దగ్గర ఆగిపోయింది. అప్పుడు అతని పెదాల మీద నవ్వు ఎండిపోవడం టాంకో చూశాడు.

ఆ క్షణం దాకా ఇదంతా ఆటే అనుకున్నాడు డిక్కో. ఫులానీలకీ బరేబరీలకీ బావామరదుల వరస. తాతముత్తాతల నాడు యుద్ధాల్లో కొట్టుకు చచ్చి, ఇక కత్తులతో కాదు మాటలతో పొడుచుకుందామని పెట్టుకున్న వరస. ఒకడు కనిపిస్తే రెండోవాడు "నా బానిస వచ్చాడు" అంటాడు, ఫులానీ అయితే "ఆవుల కాపరీ" అని కూడా. టోపీ, చెప్పులు, పొట్టేలు, ఏది దొరికితే అది ఎత్తుకుపోయి దాచేస్తాడు. పోగొట్టుకున్నవాడు నాలుగు కోలా గింజలు తెచ్చి బతిమాలుకుంటే వస్తువు తిరిగి వస్తుంది. ఈ ఆటలో కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. అందుకే మొన్న సోదా చేసి డిక్కో ఇంటి ధాన్యపు గాదెలోంచి జీను బయటికి లాగినప్పుడు అతను షరీఫుతో, "ఇంత ఆలస్యం చేశావేంరా బానిసా, నా కోలా గింజలేవి?" అన్నాడు. నిన్న ఖాజీ అడిగినప్పుడు ఇద్దరు సాక్షుల ముందు, "అవునండి, నేనే తీశాను" అని నవ్వుతూ ఒప్పుకున్నాడు. షరీఫు ముఖం అంత గంభీరంగా పెట్టుకోవడం చూసి, అబ్బ, ఎంత బాగా ఆడుతున్నాడు అనుకున్నాడు.

ఖాజీ గొంతు సవరించుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి, కళ్ళలో పొర దిగింది. ఒంటి మీది అంగీకి మెడ చుట్టూ ఉన్న కుట్టుపని డిక్కో చేసిందే. ఊళ్ళో పెద్దవాళ్ళందరి అంగీలూ అంతే.

"డిక్కో, తలుపుకి కట్టిన తాడు విప్పి, జనమంతా నమాజులో ఉండగా, ఎవరూ చూడకుండా ఈ జీను తీశావు. నిన్న ఒప్పుకున్నావు. ఇవాళా అదే మాటేనా?"

"తీసింది నిజమేనండి. దొంగతనం మాత్రం కాదు. ఆయన... ఆయన బరేబరీ కదండీ! నాకు బానిస వరస. నేను ఆడుకోకూడదా?"

షరీఫు చిరాగ్గా చెయ్యి విదిలించాడు. "నాది ప్రవక్త వంశం. బరేబరీలు ఎలా ఉంటారో కూడా నాకు తెలీదు. ఇలా మాటకారితనంతో చేతులు దక్కించుకుంటే రేపు ఊళ్ళో ఎవరి తలుపు నిలుస్తుంది ఖాజీ గారూ?"

"నిన్ననే చెప్పాను షరీఫు గారూ" అన్నాడు ఇమాము మెల్లగా. "గుమ్మం బయటే క్షమించెయ్యండి అని. ఖాజీ గుమ్మం దాటాక ఇక మీరు వదిలేస్తానన్నా కుదరదు."

"వదిలేస్తానని నేననలేదే."

అదీ సంగతి. జీను ఖరీదైనది, గదికి తలుపుంది, తీసింది చాటుగా. ఇవి కుదిరితే హద్దు నేరం, చెయ్యి పోవాల్సిందే. హద్దు దేవుడు గీసినది. దాన్ని ఖాజీ వెంట్రుకవాసి కూడా జరపలేడు. కాకపోతే ఎక్కడైనా ఒక అనుమానం దూరితే చాలు, హద్దు పడిపోతుంది. అప్పుడు మిగిలేది తాజీరు, ఖాజీ తన బుద్ధికి తోచినట్టు వేసే శిక్ష. అది కొరడా దెబ్బలు కావచ్చు, ఖైదు కావచ్చు. మనిషిని బట్టి ఒక్క చూపు కూడా కావచ్చు. డిక్కో చెయ్యి ఇప్పుడు ఆ ఒక్క అనుమానం మీద వేలాడుతోంది.

"ఆయన బరేబరీ అని నీకెవరు చెప్పారు?" అడిగాడు ఖాజీ.

"ఆయన నుదురే చెప్పిందండి. నెల కిందట టాంకో మామ పాకలో ఆయన గడ్డం దిద్దించుకుంటుంటే తలపాగా జారింది. అది కత్తి దెబ్బ అంటారు అందరూ. ఆ దెబ్బ కింద ఇంకో గీత ఉందండి, నిలువుగా. నేను కుట్టుపనివాణ్ణి. పాత కుట్టు విప్పకుండా దాని మీద కొత్త కుట్టు వేస్తే నా కళ్ళకి ఆనదా? అప్పట్నుంచీ కనిపించినప్పుడల్లా 'ఏరా బానిసా' అంటూనే ఉన్నాను. ఆయన మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. భలే ఆటగాడు అనుకున్నాను."

టాంకోకి అప్పుడు అర్థమయింది, ఒక జీను కోసం ఒక చెయ్యి ఎందుకు పోవాలో. దొంగగా చెయ్యి తెగినవాడి మాట ఏ సాక్ష్యానికీ పనికిరాదు. ఆ తర్వాత డిక్కో ఎన్ని నుదుళ్ళ మీద ఎన్ని గీతలు చూసినా వినేవాడుండడు.

"తలపాగా కాస్త పైకి తియ్యండి షరీఫు గారూ" అన్నాడు ఖాజీ.

షరీఫు జంకులేకుండా తీశాడు. ఇమాము వంగి చూసి, కత్తి దెబ్బే అన్నాడు. ఉప్పు వర్తకుల పెద్ద చాలాసేపు చూసి, దేవుడికే తెలియాలి అన్నాడు. ఖాజీ తన పొర కమ్మిన కళ్ళు చికిలించి, ఆ ప్రయత్నం మానుకున్నాడు.

"టాంకో, నీకు చర్మం సంగతి తెలుసు. నువ్వు చూసి చెప్పు."

"మంచి పనివాడు" అన్నాడు షరీఫు చిన్నగా నవ్వి. "ఆయన ఏం చెబితే అది నాకు సమ్మతం."

టాంకో లేచి వెళ్ళి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన పనితనమే తన ఎదురుగా ఉంది. బాగానే చేశాడు. ఏటవాలు గాయం కింద పాత గీత, తెలిసినవాడికి తప్ప కనబడదు. దాంట్లో ఏడో రోజున అద్దిన మసి, సన్నగా, నీలంగా. కత్తి దెబ్బకి మసి ఎవడద్దుతాడు?

పైకి చెప్పాల్సింది ఒక్క మాట. ఆ మాటకి అడ్డంగా ఖురాన్ ఉంది. గోరువా వీధిలో ఖురాన్ మీద ఒట్టు తప్పిన సూలే ఆ ఏడు సజ్జకోతలు చూడకుండా పోయాడు. వాడి శవానికి ఆఖరి గుండు గీసింది టాంకోనే. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అతనికి ఆ మోకాళ్ళ మీద తెలిసింది. వెనక కుంపటి మీద నూనె చిటపటమంటోంది.

"అయ్యా" అన్నాడు ఖాజీ వైపు తిరిగి, "ముందు ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

"ఒకడు ఒక సంగతి దాస్తానని ఒట్టు వేశాడనుకోండి. ఆ సంగతి దాస్తే ఇంకొకడికి చెడు జరుగుతుందనుకోండి. వాడేం చెయ్యాలి?"

ఖాజీ జవాబిచ్చేలోపే షరీఫు గొంతు లేచింది.

"ముసలాయనా, ఖురాన్ మీద వేసిన ఒట్టు తప్పినవాడికి ఏడాది తిరగదు. నీకు తెలియనిది కాదు."

ఖాజీ తల మెల్లగా అతని వైపు తిరిగింది.

"ఖురాన్ మీద అని టాంకో అనలేదు షరీఫు గారూ."

ఖాజీ అతన్ని ఇంకేమీ అడగలేదు. టాంకోతో, నలుగురికీ వినబడేలా చెప్పాడు. "ఒట్టు మంచికి అడ్డొస్తే తప్పాలి. తప్పి, పదిమంది పేదలకి కడుపునిండా అన్నం పెట్టాలి. అంత స్తోమత లేకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండాలి. షరియత్ చెప్పింది అంతే."

"చచ్చిపోడా అయ్యా?"

"అందరం పోతాం టాంకో. ఎప్పుడన్నది దేవుడి దగ్గరుంది. ఆ నుదుటి మీద ఏముంది?"

టాంకో మంగలి పొది విప్పాడు. నల్లకొమ్ము పిడి కత్తి తీసి జీను పక్కన పెట్టాడు.

"రెండు కోతలున్నాయండి. కిందది బరేబరీ మంగలి పెట్టింది, ఏడో రోజున. పైది నేను పెట్టాను, రెండేళ్ళ కిందట, తుమ్మచెట్ల కింద. కూలి ఈ కత్తి."

సావడిలో కలకలం రేగింది. "అబద్ధం! ముసలాడికి పిచ్చెక్కింది!" అని షరీఫు లేవబోయాడు. బారావు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు, మర్యాదగానే.

"అబద్ధమే కావచ్చు" అన్నాడు ఖాజీ. "బారావూ, లోపల్నించి ఖురాన్ పట్టుకురా. షరీఫు గారూ, ఫెజ్జాన్ వాణ్ణనీ, ప్రవక్త వంశం వాణ్ణనీ దాని మీద చెయ్యి వేసి చెప్పండి. ముసలాణ్ణి ఇప్పుడే కట్టేయిస్తాను."

తోలు సంచిలో ఖురాన్ వచ్చింది. షరీఫు ముందు చాప పరిచి పెట్టారు. అతని కుడిచెయ్యి ఒడిలోంచి లేచింది. సగం దూరంలో ఆగింది. అది తిరిగి ఒడిలోకి దిగడం అందరూ చూశారు.

డిక్కో మాత్రం నూనె కుండనే చూస్తున్నాడు.

"కుంపటి ఆర్పెయ్యి" అన్నాడు ఖాజీ.

* * *

హద్దు పడిపోయింది. ఇక ఖాజీ ఇష్టం. ఆయన ఎక్కువసేపు తీసుకోలేదు.

డిక్కోకి ఐదు దెబ్బలు. "వరస అవతలివాడు ఒప్పుకున్నాకే ఆట. ఒప్పుకోనివాడి తలుపు తాడు విప్పడం ఆట కాదు" అన్నాడు. బారావు చంకలో గవ్వలు పెట్టుకుని కొరడా ఎత్తాడు. గవ్వ జారి పడితే ఆ దెబ్బ చెల్లదు, కొట్టినవాడికే శిక్ష. కాబట్టి చెయ్యి మోచేతి పైకి లేవదు. దెబ్బకన్నా సంతలో జనం చూడటమే మంటగా ఉంటుంది. డిక్కో ఐదు దెబ్బలూ కుడిచేతిని గుండెకి హత్తుకుని తిన్నాడు.

షరీఫుకి, లేని వంశం చెప్పుకున్నందుకు, తలపాగా లేకుండా సంత ఈ చివరి నుంచి ఆ చివరికి నడక, ఆ పైన పశ్చాత్తాపపడేదాకా ఖైదు. నడక మొదలైనప్పుడు జనం రాళ్ళు విసురుతారేమో అనుకున్నాడు బారావు. విసరలేదు. పాలమ్మే ఫులానీ ఆడవాళ్ళు సొరకాయ బుర్రలు దించి వరసగా నిలబడ్డారు.

"అయ్యో, నా బానిస! ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావురా?"

"గుర్రం అమ్మేసి నా దూడలు కాయరాదూ!"

"పెళ్ళికొడుకా, మేనకోడలు పోతే పోయింది, మా అత్త ఖాళీగానే ఉంది. పళ్ళు మూడే, అయినా నమలగలదు!"

అతను తల దించుకుని ఆ చివరిదాకా నడిచాడు. పెళ్ళి ఆగిపోయిందని ఆ సాయంత్రమే అమీరు ఇంటి నుంచి కబురు బయటికొచ్చింది. గుర్రాన్ని అమీరు మనుషులు తోలుకుపోయారు.

ఇక టాంకో. ఖాజీ లోపలికి వెళ్ళిపోతుంటే అతనే ఎదురెళ్ళాడు.

"నా సంగతి చెప్పలేదండి."

ఖాజీ ఆగాడు. టాంకో ముఖంలోకి చూశాడు, పొర కమ్మిన కళ్ళతోనే, చాలాసేపు. తర్వాత ముఖం పక్కకి తిప్పుకుని లోపలికి నడిచాడు. కత్తి సావడిలోనే ఉండిపోయింది.

అది శిక్ష అని టాంకోకి శుక్రవారం దాకా తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం పొద్దున్నే ఖాజీ తల గొరిగేది టాంకో. ఆ శుక్రవారం పిలుపు రాలేదు. ఎండ ఎక్కాక కింది వీధి మంగలి ఖాజీ ఇంట్లోంచి పొది సర్దుకుంటూ బయటికి రావడం ఊరంతా చూసింది. మరుసటి గంటలో ఇమాము కూడా కింది వీధికే కబురు పంపాడు.

"ఎన్ని శుక్రవారాలట?" అని అడిగింది భార్య లాడి.

"చెప్పలేదు."

"కొరడా అయితే ఈపాటికి మానిపోయేది" అంది ఆవిడ.

* * *

శనివారం లాడి పదిమందికి జొన్న సంకటి వండింది, బెండకాయ పులుసు చేసింది, ఉన్న ఒక్క మేకా కోయించింది. మసీదు మెట్ల మీది గుడ్డివాళ్ళు, సంత చివరి కుంటి దంపతులు, ఊరూరా తిరిగే ముసలి ఫకీరు. తొమ్మిది మంది అయ్యారు. పదోవాడు దొరకలేదు.

"జైల్లో చూడు మామా" అన్నాడు అప్పుడే వచ్చిన డిక్కో. వీపు ఇంకా నొప్పి పెడుతోందని గోడకి ఆనకుండా నిలబడ్డాడు. "ఖైదీకి కూడు పంపాల్సింది చుట్టాలు. ఆ మహానుభావుడు చుట్టాలందరినీ చెరిపేసుకుని వచ్చాడాయె. నాలుగు రోజులుగా కావలివాడి అంబలి మీద బతుకుతున్నాడట."

"వాడు నీ చెయ్యి నరికించబోయాడు."

"అందుకే వస్తాను, పద. నా కోలా గింజలు బాకీ ఉన్నాడు."

జైలంటే ఎత్తు తక్కువ మట్టిగది, ముందు చిన్న అరుగు. కావలివాడు తలుపు తీసి ఖైదీని అరుగు మీదికి రానిచ్చాడు. ఎండలో అతని నుదుటి మీద రెండు కోతలూ స్పష్టంగా ఉన్నాయి. ఒకసారి చూపించాక ఇక అవి ఎవరికైనా కనబడుతున్నాయి. టాంకో మూకుడు అతని ముందు పెట్టాడు.

"ఇది నా ఒట్టు ఖరీదు. తిను."

అతను తినలేదు. "దీన్ని మునుపటిలా చెయ్యగలవా?" అన్నాడు నుదురు తాకి. యాస మారింది. బోర్ను వైపు యాస, రెండేళ్ళ తర్వాత మొదటిసారి.

"చెయ్యలేను."

అతను తలూపి చెయ్యి కడుక్కున్నాడు. మూడు ముద్దలు తిన్నాడు. నాలుగో ముద్ద తీస్తుండగా డిక్కో చెయ్యి చాచి, పులుసులోంచి పెద్ద మాంసం ముక్క ఎత్తబోయాడు.

"బానిసకి ఇంత ముక్క ఎందుకురా?"

ఖైదీ ఆ మణికట్టుని గట్టిగా పట్టుకున్నాడు. సరిగ్గా కసాయి కత్తి పడాల్సిన చోట. డిక్కో కదల్లేదు. కావలివాడు గోడకి ఆనించిన కర్ర అందుకున్నాడు. ఖైదీ ఆ చేతిని, దాని సన్నటి వేళ్ళని, వేళ్ళ చివర సూది పోట్ల మచ్చల్ని చూస్తూ ఉండిపోయాడు.

"చెయ్యి తియ్యరా ఆవుల కాపరీ" అన్నాడు చివరికి. "నన్ను మళ్ళీ ఖాజీ దగ్గరికి వెళ్ళమంటావా?"

ముందు కావలివాడు నవ్వాడు. ఆ తర్వాత డిక్కో, వీపు పట్టుకుని మరీ నవ్వాడు. మాంసం ముక్క అతని నోట్లోకి ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు.

టాంకో నవ్వలేదు. పదోవాడు మూకుడు ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత మూకుడు కడిగి, చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. ఖాజీ ఇంటి ముందు నుంచి వెళ్తే దగ్గర. అతను చుట్టుతిరిగి వెళ్ళాడు.